జాన్ హంటరు శస్త్రవైద్యుని చరిత్రము

కంభము చెరువుకట్టపై నొక్కసారియైన నడువని బాలుడు మన పడమటి సీమలో నరుదు. విజయనగర ప్రభువుల కాలమున గుండ్లకమ్మ కడ్డముగా కట్టబడిన యా చెరువు నిండినప్పుడు పిల్లలు నీటిని చూచి సంతసింతురు. పెద్దల దృష్టి మాత్రము కట్టమీదనే యుండును. ఏ కట్టయందైనను ఒకచోట మన్ను మెత్తబడి వెలుపలి కుబ్బినచో, ఆ యుబ్బు నానాటికి పెరుగునే గాని తనంతట తాను తగ్గదు. ఆదుకొనువారు లేనిచో తుదకు గండి పడును.

మన శరీరమునందును ఇట్టి యపాయ మొకటి కలదు. గుండెనుండి నెత్తురును అవయవములకు గొనిపోవు గొట్టములకు ధమనులని పేరు. వానిలో నొకదాని గోడ బలహీనమై, లోపలి నెత్తురు ఒత్తిడిచేత సంచివలె నుబ్బుటను వైద్యులు ఎన్యూరిజమ్ అందురు. ఈ యుబ్బు మోకాలి వెనుకనో, మెడయందో, లేక గుండెనుండి బయలుదేరి పొట్టలోనికి దిగు బృహద్ధమనియందో కలుగవచ్చును. అది పగిలినచో ప్రాణము నిలుచుట దుర్లభము. ఈ వ్యాధి స్వభావమును, నెత్తురు గడ్డకట్టు విధమును ఓపికతో పరిశోధించి, శస్త్రవైద్యమున కొక క్రొత్తదారి చూపినవాడు జాన్ హంటరు. ఇతని చరిత్రమునందు మన మనుసరింపదగిన గుణములు పెక్కులు గలవు, విడువదగినవియు గలవు. రెండింటిని మరుగుపరుపక చెప్పుటయే చరిత్రకు న్యాయము.

హంటరు 1728వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో స్కాట్లండు దేశమున లాంగ్ కాల్డర్‌వుడ్ అను పల్లెయందు జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. పదిమంది సంతానములో నితడు కడగొట్టువాడు. బాల్యమున నితనికి చదువనిన గిట్టదయ్యెను. ఉపాధ్యాయులు మందలించినను, తల్లి బతిమాలినను పుస్తకము పట్టక, పొలములవెంబడి తిరుగుచు, మేఘము లెట్లు కదలును, ఆకులు శరత్కాలమున రంగేల మార్చును, చీమలును తేనెటీగలును ఏమిచేయుచున్నవి అని చూచుచు పొద్దుపుచ్చుచుండెను. అడిగినవాని కెవ్వరును సమాధానము చెప్పలేకపోయిరి. ఇతనికి పదుమూడేండ్లు నిండునప్పటికి తండ్రి మరణించెను. కొంతకాలము గ్లాస్గో నగరమున బావగారియొద్ద కొయ్యపనిలో తోడ్పడెను గాని అదియును నిలువలేదు. ఇరువదియేండ్లు వచ్చువరకు ఇతడు ప్రయోజకు డగునని తలచినవారు లేరు.

ఇతని యన్న విలియము హంటరు లండను నగరమున ప్రసిద్ధ వైద్యుడై, శరీరనిర్మాణమును బోధించు పాఠశాలను నడుపుచుండెను. 1748వ సంవత్సరమున జాన్ అన్నగారి నాశ్రయించి అచ్చటికి పోయెను. అన్న పరీక్షార్థము ఒక చేయి నిచ్చి, కండరములను విడదీసి చూపుమనెను. పుస్తకము ముందర మందబుద్ధియైన యా యువకుడు కత్తి చేతబట్టగానే మేధావి యయ్యెను. కొయ్యపనియందలి నేర్పును, పొలములందు నలవడిన చూపును అచ్చట నక్కఱకు వచ్చెను. కొలదికాలములోనే ఇతడు విద్యార్థులకు బోధించువా డయ్యెను. ఆకాలమున పేరుపొందిన చెసెల్డెన్, పాట్ అను శస్త్రవైద్యులయొద్ద శుశ్రూషచేసి శస్త్రచికిత్స నేర్చెను. ఆక్స్‌ఫర్డు విద్యాలయమునకు పంపగా, లాటిను గ్రీకు భాషలను వల్లించుటకు మనసొప్పక కొద్దికాలములోనే తిరిగివచ్చెను.

పిమ్మట ఇతడు సైన్యమునందు వైద్యుడుగా చేరి, 1761వ సంవత్సరమున ఫ్రాన్సు తీరమందలి బెల్ ఈల్ ద్వీపమునకును, మరుసటియేడు పోర్చుగల్లునకును పోయెను. తుపాకిగుండు తగిలిన గాయమును కత్తితో వెడల్పుచేసి లోన వెదకుట ఆనాటి వైద్యుల యాచారము. అయితే, గాయపడి కొన్నిదినములు చికిత్స లేకయే దాగియుండిన కొందరు ఫ్రెంచి సైనికులు, వైద్యుల చేతబడిన వారికన్న బాగుగా కోలుకొనుట హంటరు కన్నులార చూచెను. ఆచారము పెద్దదా, కన్నులు చూచినది పెద్దదా అను ప్రశ్న ఇతని కానాడే కలిగెను. అవసరము లేనిచోట కత్తి పెట్టరాదని యితడు నిశ్చయించుకొనెను. కత్తి పట్టుటయందు నేర్పరియైనవాడు కత్తిని దించుటయు నేర్చుట గొప్పసంగతి.

1763వ సంవత్సరమున లండనుకు మరలివచ్చిన పిదప హంటరు జీవితము విశ్రాంతి యెరుగని పరిశ్రమయే. నగరముచెంత ఎర్ల్స్‌కోర్టు అనుచోట స్థలము సంపాదించి నానావిధ మృగములను పక్షులను పెంచి, వాని స్వభావములను, చనిపోయిన పిమ్మట వాని శరీరములను పరిశీలించెను. రోగులవలన వచ్చిన ధనమంతయు ఈ పరిశోధనలకే వ్యయమగుచుండెను. 1767లో రాయల్ సొసైటీ సభ్యుడుగాను, 1768లో సెయింట్ జార్జి వైద్యశాలయందు శస్త్రవైద్యుడుగాను ఎన్నుకొనబడెను. 1771లో ఆన్ హోము అను విదుషిని వివాహమాడెను. ఆమె కవయిత్రి, ఆమె రచించిన గీతములకు ప్రసిద్ధ సంగీతకర్త హైడన్ స్వరములు గూర్చెను. 1776లో హంటరు ఇంగ్లండు రాజుగారి శస్త్రవైద్యులలో నొకడుగా నియమింపబడెను.

ఇతనియింట నుండి విద్య నేర్చినవారిలో ఎడ్వర్డు జెన్నరు ముఖ్యుడు. జెన్నరు పల్లెకు మరలిపోయిన తరువాతను గురుశిష్యులు ఉత్తరములు వ్రాసికొనుచుండిరి. ఊహించి తృప్తిపడక, ప్రయత్నించి చూడవలెనని గురువు బోధించెను. ఆ బోధను జీర్ణించుకొన్న శిష్యుడే 1796లో మశూచికి టీకాల పద్ధతిని కనిపెట్టెను. మన గ్రామములలో పూర్వము ఇండ్లకిండ్లను పాడుచేసిన యా మశూచి భూమిమీద లేకుండపోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. ఒక గురువు మాట ఎంతదూరము పోవునో దీనివలన తెలియును.

ఇక మొదట చెప్పిన వ్యాధిసంగతికి వత్తము. ఆ కాలమున లండనులో గుఱ్ఱపుబండ్లు తోలువారికి మోకాలి వెనుకనున్న ధమని యుబ్బు రోగము తరచుగా కలుగుచుండెను. ఉబ్బు గుండెతోబాటు కొట్టుకొనుచు, పెరుగుచు, తుదకు పగులును. దీనికి రెండే చికిత్సలుండెను. మొదటిది, ఉబ్బిన సంచిని కోసి, పైనను క్రిందను ధమనిని కట్టివేయుట. రోగగ్రస్తమైన గోడమీద దారము నిలువక తెగి, రోగి నెత్తురు పోయి మరణించుచుండెను. రెండవది, తొడవద్ద కాలు తీసివేయుట. మత్తుమందు లేని దినములవి. బ్రతికినను బండివాడు బండి తోలుట కనర్హుడై బిచ్చమెత్తవలసినదే. అతని యాలుబిడ్డల గతియు నంతియే.

హంటరు ఇట్లాలోచించెను. ఉబ్బినచోట గోడ చెడినది. కాని అంతకు చాల పైని, తొడయందు, అదే ధమని యారోగ్యముగా నుండవచ్చును గదా! అచ్చట కట్టినచో దారము నిలుచును. అయితే పెద్దధమనిని కట్టివేసినచో కాలికి నెత్తు రెట్లు చేరును? కాలు కుళ్లిపోదా? ఇదియే అందరి భయము. మన రైతు లెరిగిన యుపమానము చెప్పెదను. పెద్దకాలువ నొకచోట మూసినప్పుడు, దానికి పైభాగమున చీలిన పిల్లకాలువలు కొన్ని చుట్టుదిరిగి దిగువపొలములకు చేరుచున్నచో, నీరు వానివెంబడి పోవును. ప్రవాహము హెచ్చినకొలది ఆ పిల్లకాలువలే కోసికొని వెడల్పగును. శరీరమందలి చిన్నధమనులును అట్లే పెద్దవి కాగలవని హంటరు తలచెను. రిచ్‌మండు వనమునందు ఒక దుప్పిని పట్టించి, పెరుగుచున్న దాని కొమ్మునకు పోవు ధమనిని కట్టివేసెననియు, మొదట చల్లబడిన యా కొమ్ము కొన్నిదినములకు మరల వెచ్చనయ్యెననియు, పిదప పరీక్షింపగా చుట్టునున్న చిన్నధమనులు వెడల్పై నెత్తురును చేర్చుచుండెననియు చెప్పుదురు.

1785వ సంవత్సరము డిసెంబరు నెలలో నలువదియైదేండ్ల బండివా డొకడు మోకాలి వెనుక ఉబ్బుతో సెయింట్ జార్జి వైద్యశాలకు వచ్చెను. హంటరు అతని తొడలోపలిభాగమున కోసి, ఆరోగ్యముగానున్న ధమనిని వెలికిదీసి, ఒక్కచోట బిగించి గోడను కోయుటకు మారుగా నాలుగు దారములతో కొంతమేర మెల్లగా అదిమి కట్టెను. ఉబ్బును ముట్టనేలేదు. అందరును కాలు చల్లబడునని భయపడిరి. కాలు చల్లబడలేదు. ఉబ్బు కొట్టుకొనుట మాని, క్రమముగా క్రుంగజొచ్చెను. ఆరువారములలో ఆ బండివాడు తన రెండుకాళ్లతో నడచి యింటికి పోయెను. అతడు 1787లో వేరొక జ్వరముచే మరణించినప్పుడు హంటరు ఆ కాలిని పరీక్షించి, ఉబ్బు గట్టిపడి కుంచించుకొనిపోయిన విధమును కన్నులార చూచెను. తరువాత ఇతడు ఇట్లే చికిత్స చేసినవారిలో నొకడు ఏబదియేండ్లు జీవించెను. 1785వ సంవత్సరముననే పారిసునగరమందు దెసో అను వైద్యుడును ఇట్టి ప్రయత్నమే చేసియుండెను. సత్యము నొక్కడే వెదకడు గదా. తొడయందు హంటరు ధమనిని కట్టిన తావునకు నేటికిని వైద్యవిద్యార్థులు హంటరు కాలువ యని పేరు చెప్పుకొందురు.

ఇంతకును ఆ యుబ్బును మాన్పినది హంటరు కత్తి కాదు; ఆ బండివాని నెత్తురే. ప్రవాహవేగము తగ్గగానే సంచిలోని నెత్తురు గడ్డకట్టెను. ఆ గడ్డ సంచిని పూడ్చెను. శరీరము మెల్లగా దానిని హరించుకొనెను. నెత్తురు గడ్డకట్టుట చెడిపోవుట కాదనియు, జీవము గలిగిన పదార్థము తన్ను తాను రక్షించుకొను వ్యాపారమనియు హంటరు నమ్మెను. లేవీయకాండమును పఠించిన మన విద్యార్థులకు జీవమునకును నెత్తురునకును గల సంబంధము క్రొత్తగా తోపదు. నెత్తురును, వాపును, తుపాకిగాయములను గూర్చి ఇతడు వ్రాసిన మహాగ్రంథము ఇతని మరణానంతరము 1794లో వెలువడెను.

కాని గడ్డకట్టుట ఎల్లచోట్ల మిత్రము కాదు. బృహద్ధమనియే ఉబ్బినప్పుడు కథ వేరగును. కాలిధమనిని మూసినట్లు దానిని మూయరాదు. శరీరమున కంతకును అదియే ప్రధానకాలువ. హంటరు బోధను విన్న ఆస్ట్లీ కూపరు 1817లో సాహసించి ఒక రోగి బృహద్ధమనిని పొట్టలో కట్టెను; ఆ రోగి రెండుదినములు గడువకముందే మరణించెను. అంతేగాక, ఆ పెద్దసంచిలో నెత్తురు మెల్లగా తిరుగుచు నానాటికి పొరలుపొరలుగా గడ్డకట్టును. కొందరియందు, అరుదుగానే యైనను, ఈ గడ్డకట్టుట యెడతెగక సాగి, నెత్తురును నిలుపుటకు కావలసిన ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములును, ఫైబ్రినోజెన్ అను పదార్థమును అచ్చటనే వ్యయమైపోవును. చెరువునీరంతయు గండి యొక్కటే త్రాగినచో ఆయకట్టు చివర పొలము లెండిపోవునట్లు, శరీరమునం దితరస్థలములకు ఆ సామగ్రి చాలదు. అప్పుడు రోగికి చిగుళ్ల వెంబడి నెత్తురు కారును. తగిలీ తగులకుండ ఒంటిమీద కమిలిన మచ్చలు పుట్టును. చిన్నగాయమైనను నెత్తురు కట్టదు. లోపల గడ్డలు, వెలుపల స్రావము! ఒక్క దేహములోనే రెండు విరుద్ధములు.

దీనికి నేటి వైద్యులు చేయు చికిత్స వినుటకు విచిత్రముగా నుండును. నెత్తురు కారుచున్న రోగికి ఒక్కొక్కప్పుడు గడ్డకట్టుటను ఆపు హెపారిన్ అను మందునే మితముగా నిత్తురు. ఏలయన, సంచిలోని వృథావ్యయము ఆగినగాని తక్కినచోట్లకు సామగ్రి మిగులదు. ఈ హెపారిన్ 1916లో అమెరికాలో కనుగొనబడెను. స్రావము హెచ్చుగా నున్నప్పుడు ఇతరులు దానమిచ్చిన నెత్తురునుండి తీసిన ప్లేట్‌లెట్లను, ప్లాస్మాను ఎక్కింతురు. అయినను ఇవి యన్నియు కట్టకు తాత్కాలికముగా వేసిన మట్టిబస్తాలే. మూలమైన యుబ్బును సరిచేయుటయే నిజమైన చికిత్స. 1951లో పారిసునందు దుబోస్ట్ అను వైద్యుడు పొట్టలోని యుబ్బిన బృహద్ధమనిని తీసి మరొక ధమనిని అతికెను. కొలదియేండ్లలో నేతగుడ్డతో చేసిన గొట్టములు వాడుకకు వచ్చెను. 1990లో అర్జెంటీనా దేశమందలి పరోడీ అను వైద్యుడు పొట్ట కోయకయే, తొడధమని ద్వారా గొట్టమును లోనికి పంపి ఉబ్బునకు లోపలినుండి గోడ కట్టెను. హంటరు కత్తి దించిన తొడయే నేడు ఈ చికిత్సకు ద్వారమగుట చిత్రము.

ఇక హంటరు దోషములను చెప్పవలెను. శరీరములను కోసి చూడనిదే విద్య రాదు. ఆనాడు న్యాయముగా దొరకు శవములు మిక్కిలి తక్కువ. అందుచేత రాత్రివేళ సమాధులను త్రవ్వి శవములను తెచ్చువారికి ధనమిచ్చుట ఇతనికి అలవాటయ్యెను. ఐర్లండు దేశస్థుడైన ఛార్లెస్ బిర్న్ అను మహాకాయుడొకడు లండనులో నుండెను. ఏడున్నర అడుగులకు మించిన పొడవుగల యా దీనుడు, తన దేహము వైద్యుల పాలుగాకుండ సముద్రమున విడువవలెనని కోరి, 1783లో ఇరువదిరెండేండ్లకే మరణించెను. హంటరు లంచమిచ్చి యా దేహమును సంపాదించి, ఎముకలను తన ప్రదర్శనశాలలో నిలిపెను. రెండువందల యేండ్లకు పైగా జనులు వానిని వినోదముగా చూచిరి. 2023లో ఆ ప్రదర్శనశాల మరల తెరువబడినప్పుడు ఆ యెముకలను ప్రదర్శనమునుండి తొలగించిరి. జ్ఞానము గొప్పది; కాని చనిపోవువాని చివరికోరికను త్రోసివైచి సంపాదించిన జ్ఞానమునకు మచ్చ మిగులును. బండివాని కాలిని కాపాడిన దయయు, బిర్న్ దేహమును అపహరించిన కాఠిన్యమును ఒక్క మనుష్యునియందే యుండెను.

రెండవదోషము కోపము. 1773నుండి ఇతనికి గుండెనొప్పి వచ్చుచుండెను. కోపము కలిగినప్పుడెల్ల నొప్పి హెచ్చునని తానే గుర్తించి, తన్ను కోపపెట్టగల ప్రతి దుర్జనుని చేతిలోను తన ప్రాణ మున్నదని మిత్రులతో చెప్పుచుండెను. తెలిసియు జయింపలేకపోయెను. 1793వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన సెయింట్ జార్జి వైద్యశాల సభలో ఇద్దరు విద్యార్థులను చేర్చుకొను విషయమై వాదము జరిగెను. ఒకరు తన మాట నెదిరింపగా, హంటరు కోపమును దిగమ్రింగుచు ప్రక్కగదిలోనికి పోయి, అచ్చటనే కూలి ప్రాణము విడిచెను. పరీక్షింపగా గుండెకు నెత్తురునిచ్చు ధమనులు ఎముకవలె గట్టిపడియుండెను. అందరి ధమనులను పరిశోధించినవానిని తన ధమనులే వంచించెను.

అతడు విడిచిపోయిన యాస్తి అప్పులును, సుమారు పదునాలుగువేల వస్తుసంచయమును. భార్య కష్టములపాలయ్యెను. విలియము క్లిఫ్ట్ అను బీదశిష్యుడు స్వల్పజీతముమీద యేండ్లకొలది ఆ వస్తువులను కాపాడెను; గురువు వ్రాతలలో పెక్కింటికి నకళ్లు వ్రాసియుంచెను. 1799లో ప్రభుత్వము పదునైదువేల పౌనులకు ఆ సంచయమును కొని శస్త్రవైద్యుల సంఘమునకు ఒప్పగించెను. 1823లో హంటరు బావమరిది ఎవరార్డు హోము, గురువు వ్రాతప్రతులనుండి విషయములు గ్రహించి తనవిగా ప్రకటించెనను అపవాదునకు లోనై, ఆ మూలప్రతులను తగులబెట్టెను. క్లిఫ్ట్ చేతివ్రాత లేనిచో అవి మనకు దక్కకపోయెడివి. బంధువు కాల్చినదానిని సేవకుడు రక్షించెను. 1859లో హంటరు అస్థికలను వెస్ట్‌మినిస్టరు దేవాలయమునకు మార్చి సగౌరవముగా నుంచిరి.

ప్రియ విద్యార్థులారా! మార్కాపురపు పలకమీద అక్షరము దిద్దుటకు కష్టపడు బాలుడు నిరుపయోగుడని ఎవ్వరును తలపరాదు. అతని చూపు పొలములందును చీమలబారులందును ఏమి చదువుచున్నదో మన కేమి తెలియును? ఉపాధ్యాయులు దీనిని జ్ఞాపక ముంచుకొందురుగాక. తలిదండ్రులకు మరియొక మనవి. బృహద్ధమని యుబ్బుటకు పొగత్రాగుట ముఖ్యకారణములలో నొకటి. రక్తపుపోటును నిర్లక్ష్యము చేయుట మరియొకటి. మన జిల్లాలో పొగాకు విస్తారముగా పండును. పండించి పొట్ట పోసికొనుట వేరు, చుట్టగాను బీడీగాను కాల్చి ధమనుల గోడలను చెఱచుకొనుట వేరు. అరువదియైదేండ్లు దాటి, పొగత్రాగు నలవాటు గలిగిన పురుషులు ఒక్కసారి పొట్టకు స్కానింగు చేయించుకొనినచో ఉబ్బు ముందుగానే తెలియును. అందు నొప్పియు లేదు, కోతయు లేదు. పొట్టలో కొట్టుకొను గడ్డ కనబడినను, అకస్మాత్తుగా వెన్నులోనో పొట్టలోనో తీవ్రమైన నొప్పి పుట్టినను, గృహవైద్యముతో కాలము గడుపక వెంటనే పెద్దవైద్యశాలకు పోవలెను.

కట్ట యుబ్బినప్పుడే చూచి బాగుచేయువాడు ఊరిని కాపాడును. కోపమను గండి మనస్సున పడకముందే చూచుకొనువాడు తన్ను తాను కాపాడుకొనును. హంటరు మొదటిపని నేర్చి లోకమునకు నేర్పెను. రెండవది నేర్వకయే పోయెను. మనము రెండును నేర్తుముగాక.